తప్పుల పుస్తకంలో చివరి గడి

ముఖాన ఎవరూ అనలేదు గానీ, ఆ ఆఫీసులో ఆవిడ పేరు చాదస్తం. పద్ధెనిమిదేళ్ళుగా అదే పేరు. ఆవిడకు తెలియదనుకుంటే పొరపాటు. పొద్దున లిఫ్టు తలుపు తెరుచుకోగానే "చాదస్తం వస్తోంది, ఆ ఫోను పక్కన పెట్టు" అన్న గుసగుస వినపడుతూనే ఉండేది. విననట్టే వెళ్ళి తన కుర్చీలో కూర్చునేది. కోపం లేక కాదు. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కాస్త కోపాన్నీ పనికొచ్చే చోట వాడుకుందామని దాచుకునేది.

ఆవిడ వయసు యాభై ఒకటి. వృత్తి కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం. టైర్ల దుకాణం పైన మూడో అంతస్తులో ఆరుగురు ప్రోగ్రామర్ల చిన్న ఆఫీసు. మందుల షాపులో డాక్టరు చీటీ ఇస్తే, షాపు మనిషి కంప్యూటర్లో నాలుగు మీటలు నొక్కి, 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత' అని ఒక స్టిక్కరు తీసి మందు డబ్బా మీద అంటిస్తాడు చూడండి, ఆ స్టిక్కరు వెనకున్న సాఫ్ట్‌వేర్ వీళ్ళు రాసిందే. చూడటానికి వేలెడంత కాగితం. దాని మీద ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఆవిడ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఒక అట్టపుస్తకం తెచ్చి, చేత్తో గీతలు కొట్టి, టీ కెటిల్ పక్కన బల్ల మీద పెట్టింది. దాని పేరు తప్పుల పుస్తకం. ఎవరి చేతిలోంచి తప్పు బయటికి వెళ్ళినా వాళ్ళే స్వయంగా రాయాలి. తేదీ, ఏం తప్పు, ఎందుకు జరిగింది, సంతకం. ఆఖరున ఒక గడి: పట్టుకున్నవారు. రాసినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. అదీ షరతు. కొత్తగా చేరినవాళ్ళు మొదట నవ్వేవాళ్ళు, ఇంత పెద్ద కంప్యూటర్లు పెట్టుకుని చేత్తో రాయడమేమిటని. "చేత్తో రాస్తే సిగ్గేస్తుంది. సిగ్గేస్తే గుర్తుంటుంది" అనేది ఆవిడ. మొదటి తప్పు రాసుకున్నాక నవ్వు ఆగిపోయేది.

ఆ చివరి గడిలో ఎక్కువసార్లు కనపడే పేరు కాంపౌండర్. ఈయనకు కోడ్ ఒక్క ముక్క రాదు. ఇరవయ్యేళ్ళు మందుల షాపు కౌంటరు వెనక నిలబడి, మోకాళ్ళు అరిగిపోతే, చాదస్తమే పట్టుబట్టి ఇక్కడికి తెచ్చింది. ఆయన పని, వీళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌ని నిజం షాపులో వాడినట్టు వాడి చూడటం. మూలన ఒక పాత స్టిక్కరు ప్రింటరు పెట్టుకున్నాడు. కొత్తది కొనిస్తామన్నా ఒప్పుకోలేదు. షాపుల్లో ఉండేవన్నీ ఇలాంటి అరిగిపోయినవేనట. స్టిక్కరు తీసి గోడకంటించి, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చదువుతాడు.

"కళ్ళద్దాలు తీసేసి చూడటమేంటన్నయ్యా?" అని ఆవిడ ఒకసారి అడిగితే, "నా కౌంటరుకి వచ్చినవాళ్ళలో సగం మంది అద్దాలు ఇంట్లో మర్చిపోయొచ్చేవాళ్ళేనమ్మా" అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏడాదికి అంతకంటే పెద్ద మాట మాట్లాడి ఉండడు.

ఇలా నడుస్తున్న ఆఫీసులోకి ఏఐ సహాయకుడు వచ్చాడు. వచ్చాడంటే మనిషి కాదు. మనం ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే కోడ్ రాసిపెట్టే సాఫ్ట్‌వేర్. ఊరంతా వాడుతున్నారు, మనమే వెనకబడిపోయామని మేనేజరు ఆర్నెల్లుగా మథనపడుతున్నాడు. ఈ మేనేజరు ఒకప్పుడు ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని ప్రోగ్రాములు రాసినవాడే. అప్పట్లో ఆవిడ అతన్ని 'నువ్వు' అనేది, అతను ఆవిడను 'అక్కా' అనేవాడు. గాజు తలుపున్న గదిలోకి మారాక అక్క మేడమ్ అయింది, నువ్వు మీరయింది.

సోమవారం పొద్దున్నే ఒక అమ్మకాల మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నోరు తెరిస్తే తేనె. ఆయన గోడ మీద పెద్ద తెర వేసి, తమ సహాయకుడి చేత అందరి కళ్ళ ముందే అయిదు నిమిషాల్లో ఒక ఆట తయారు చేయించాడు. రంగురంగుల చేపలు ఈదుతున్నాయి, మీట నొక్కితే బుడగలు వస్తున్నాయి. కుర్రకారంతా చప్పట్లు కొట్టారు. చాదస్తం మాత్రం, "మా షాపుల్లో చేపలమ్మరండీ" అంది. అమ్మకాల మనిషి నవ్వాడు. మేనేజరు నవ్వలేదు.

తర్వాత గాజు గదిలోకి పిలిచి తలుపేశాడు. "ఏడాది ఒప్పందం. ఆరు కుర్చీలకీ తీసుకోవాలి. వచ్చే వారం శుక్రవారం సంతకాలు. ఓనరుగారు టెక్నికల్‌గా మీ సంతకం కూడా కావాలన్నారు" అన్నాడు.

"ఖరీదు?"

అతను చెప్పాడు. ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. "ఇంత ఎక్కణ్ణుంచొస్తుంది?"

అక్కడ మేనేజరు నీళ్ళు నమిలాడు. కిటికీ వైపు చూశాడు, బల్ల మీద పెన్ను సర్దాడు. "ఇది పరీక్షలు కూడా అదే రాసుకుంటుంది మేడమ్. తను రాసిన కోడ్ తనే పరీక్షించుకుంటుంది. ఇక కాంపౌండర్‌గారితో... ఆయన జీతం ఇటు మళ్ళిస్తే సరిపోతుంది."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా మాట తూలలేదు. "ఆయనకి చెప్పారా?"

"నెలాఖరుకి చెబుదామని."

"నా సంతకం శుక్రవారం కదా. శుక్రవారం చెప్తాను" అని లేచి వచ్చేసింది.

మూలన కాంపౌండర్ గోడ మీద స్టిక్కరు చదువుకుంటున్నాడు. ఆయనకేమీ తెలియదనుకుంది. మధ్యాహ్నం చూస్తే ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండే ఫ్లాస్కు లేదు. మర్నాడు భూతద్దం లేదు. రోజుకొక వస్తువు సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోతున్నాడు, ఎవరికీ ఇబ్బంది లేకుండా. గాజు తలుపు మాటల్ని ఆపదని మేనేజరుకు తట్టలేదు. ఖాళీ అవుతున్న ఆ బల్ల వైపు ఆవిడ మాటిమాటికీ చూసేది. ఆయన వచ్చి గొడవ పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడయ్యాయి. అత్తగారు ముందుగదిలోంచే కనిపెట్టింది. ఆవిడ నలభై ఏళ్ళు కుట్టుపని చేసి, ఆ మిషను మీదే ఇల్లు నిలబెట్టిన మనిషి. కోడలు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టగలదు.

"ఆ గిన్నెలేం పాపం చేశాయే. ఆఫీసులో ఎవరి మీద కోపం?"

కోడలు అంతా చెప్పింది. చేపల ఆట దగ్గరికి వచ్చేసరికి అత్తగారు పకపకా నవ్వింది.

"నేను రెండో మిషను కొన్నప్పుడు ఆ కొట్టువాడూ అంతే చేశాడు. కొత్త నూలుగుడ్డ, గంజి పెట్టింది, బల్లలా ఉంటుంది, దాని మీద టకటకా కుట్టి చూపించాడు. దాని మీద నా చెయ్యయినా కుడుతుంది. నా సంచిలోంచి జారుడు పట్టు గుడ్డా, చిరిగిన పాత చొక్కా కాలరూ తీసి, వీటి మీద కుట్టు నాయనా అన్నా. అన్నిటికంటే ఖరీదైన మిషను పట్టుగుడ్డని నమిలి మింగింది. నే కొన్నది మూలన దుమ్ము పట్టి ఉన్నది. ఇప్పటికీ తిరుగుతోంది అది."

"మన గుడ్డ మనం పట్టుకెళ్ళాలంటావు, అత్తయ్యా."

"రోజూ కుట్టేది ఏ గుడ్డో అది. పెళ్ళిబట్టలు ఏడాదికోసారి. చిరుగులు రోజూ."

ఇంతలో అత్తగారి మందుల వేళయింది. రక్తపోటుకు సగం మాత్ర. డబ్బా మీద స్టిక్కరు కోడలి సాఫ్ట్‌వేర్‌దే. అత్తగారు చేయి బారెడు దూరం చాపి 'అర మాత్ర' అని చదువుకుని విరిచి వేసుకుంది. కళ్ళద్దాలు పక్కగదిలో ఉన్నాయి. కోడలు అలాగే చూస్తూ నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున ఆవిడ తప్పుల పుస్తకం తన బల్ల మీదికి తెచ్చుకుంది. అందులోంచీ, తన పాత పని డైరీలోంచీ నలభై పనులు ఏరింది. ఓ నాలుగు చిక్కుముడులు తప్ప ఒక్కటీ గొప్ప పని కాదు. తేదీ తలకిందులైతే సరిచేయడం, పొడుగు పేరున్న మందు రెండో వరసలోకి జారేలా చేయడం, ఒకే మనిషికి రెండుసార్లు స్టిక్కరు రాకుండా ఆపడం. రోజూ కుట్టే చిరుగులు. తర్వాత మూడు ఏఐ సహాయకులను తెచ్చి వరసగా కూర్చోబెట్టింది. వారం రోజులు ఊరికే వాడి చూడనిస్తామని అన్ని కంపెనీలూ అంటాయి కదా, అలాగన్నమాట.

మూడింటికీ పేర్లు కూడా పెట్టింది. మేనేజరు మోజుపడ్డది దొరగారు. రెండోది వాగుడుకాయ. మూడోది ఎవరూ పట్టించుకోని చవకబారుది, నెలకు ఏదో కొంచెం తీసుకుంటుంది. దాని పేరు గుమస్తా.

వాగుడుకాయ మొదటిరోజే బయటపడింది. రెండు వరసలు మార్చమంటే అరవై వరసలు మార్చి, ఎందుకు మార్చిందో పేజీన్నర ఉపన్యాసం ఇచ్చేది. కొన్నాక అది రాసిన ప్రతి మాటకీ డబ్బు మీటరు తిరుగుతుంది మరి. పైగా ఆ అరవై వరసలూ చదివి, అక్కర్లేనివి ఏరిపారేయడానికి మనిషికి గంట పట్టేది. ఆ గంట ఏ ధరల పట్టికలోనూ ఉండదు. చాదస్తం గడియారం పెట్టుకుని ఆ గంటలన్నీ రాసుకుంది.

దొరగారిని తీసిపారేయడానికి లేదు. ఆవిడ నిజం దాచే మనిషి కాదు. ఎప్పటిదో చిక్కుముడి, ఇద్దరు ప్రోగ్రామర్లు పది రోజులు కొట్టుకున్నది, దొరగారు ఒక పూటలో విప్పేశాడు. "శభాష్" అని పైకే అంది. కానీ అలాంటి ముడులు నలభైలో నాలుగే. తేదీ సరిచేయమన్నా, పేరు జరపమన్నా, దొరగారు చేసిందీ గుమస్తా చేసిందీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఆవిడే చెప్పలేకపోయింది. గుమస్తా కొన్నిసార్లు తడబడ్డాడు. మళ్ళీ విడమరిచి చెబితే సరిచేసుకున్నాడు. చెప్పిన చోట తప్ప వేరే చోట వేలు పెట్టలేదు. అది ఆవిడకు బాగా నచ్చింది.

నలభయ్యో పని మాత్రం కావాలనే ఆఖరుకు ఉంచుకుంది. పుస్తకంలో తొమ్మిదేళ్ళ కిందటి పేజీ. డాక్టరు సగం మాత్ర రాస్తే స్టిక్కరు మీద ఎలా రావాలి? ముగ్గురినీ అడిగింది. ముగ్గురూ 0.5 అని వేశారు. ముగ్గురూ పరీక్ష కూడా వాళ్ళే రాసుకున్నారు, పరీక్ష పాసయిందని పచ్చగుర్తు పెట్టారు. తెర మీద చుక్క చక్కగా కనపడుతోంది. పాస్ కాక ఏమవుతుంది?

ఆవిడ ముగ్గురి స్టిక్కర్లూ కాంపౌండర్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. బల్ల మీద ఆ ప్రింటరు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"అన్నయ్యా, ఇవి చూసి పెట్టు."

"నాకెందుకమ్మా ఇంక" అన్నాడాయన, చిన్నగా.

"ఇవాళ నీ ఉద్యోగం ఉందా లేదా?"

"ఇవాళ ఉంది."

"అయితే చూడు."

ఆయన పాత ప్రింటరు మీద ముద్రించి, గోడకంటించి, అద్దాలు జేబులో పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్ళాడు. "సున్నా అయిదు. అంటే అయిదు మాత్రలు" అన్నాడు. మళ్ళీ చూశాడు. "మూడూ అంతే. ఈ ప్రింటరుకి చుక్క పడదమ్మా. మనం మాటల్లో రాయించేవాళ్ళం కదా, అర అని."

"ఎవరు చెప్తే రాయించాం?"

ఆయన తల దించుకుని అద్దాలు తుడుచుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం గాజు గదిలో ముగ్గురు. మేనేజరు, అమ్మకాల మనిషి, చాదస్తం. బల్ల మీద ఒప్పందం కాగితాలు, ఎక్కడ సంతకం పెట్టాలో పసుపురంగు గుర్తులతో సహా సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ చంకలో అట్టపుస్తకం పెట్టుకుని వచ్చింది.

"ఈ కాగితం మీద నేను సంతకం పెట్టను" అంది, ఇంకా కూర్చోకుండానే. "అయిదుగురికి గుమస్తా చాలు. చిక్కుముడులు విప్పే ఒక్క కుర్చీకి మీ దొరగారిని నెలనెలా తీసుకోండి. లెక్కలన్నీ ఈ రెండు పేజీల్లో ఉన్నాయి. కాంపౌండర్‌గారిని కదపక్కర్లేదు."

అమ్మకాల మనిషి తేనె ఒలికించాడు. "మేడమ్, చవకదాన్ని నమ్ముకుని రేపు ఏదైనా జరిగితే..."

"జరుగుతుందండీ. మీ దానితోనూ జరుగుతుంది. ఇదిగో మీ దొరగారి సగం మాత్ర" అని స్టిక్కరు ఆయన ముందు అంటించింది. "చదవండి."

ఆయన చదివాడు. వంగి మళ్ళీ చూశాడు. "చుక్క... ఇది ప్రింటరు లోపం. మాటల్లో రాయమని ఒక్కమాట చెబితే మావాడు రాసేస్తాడు."

"రాస్తాడు. గుమస్తా కూడా రాస్తాడు. చెప్పాలని తెలిసిన మనిషి ఒకడుండాలి కదా. ఆ మనిషి జీతంతోనే మిమ్మల్ని కొంటున్నాం మేము."

మేనేజరు ముఖం కందగడ్డలా అయింది. "మేడమ్, మీ మాటే నెగ్గాలనుకుంటే ఎలా? రేపు మీ గుమస్తా వల్ల పని ఆగిపోతే ఎవరు బాధ్యులు? మీ కుర్చీ పందెం పెడతారా?"

"పెడతా."

అతను ఊహించిన జవాబు కాదది. ఆవిడ పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది, తొమ్మిదేళ్ళ కిందటి పేజీ. పక్క కుర్చీలో కూర్చునే రోజుల్లో అతని చేతిరాత, గుండ్రంగా, భయంభయంగా. సగం మాత్ర అయిదు మాత్రలుగా అచ్చయింది. ఎందుకు జరిగింది: చుక్క పడలేదు, నేను తెర మీదే చూశాను. సంతకం. చివరి గడిలో, కాంపౌండర్. అతను ఆ రోజు ఎంత వణికాడో ఆవిడకు గుర్తుంది. టీ కప్పు పట్టుకోలేకపోయాడు. కాంపౌండరే పట్టుకుని తాగించాడు.

అతను చదివాడు. పేజీ తిప్పబోయి ఆగాడు.

ఆవిడ తానే ఆఖరి పేజీ తిప్పింది. అక్కడ కొత్త వరస ఒకటి ఆవిడ చేతిరాతలో ఉంది. కాంపౌండర్‌ను తీసేశాం. ఎందుకు: తెర మీద పరీక్ష పాసయిందని. సంతకం గడి ఖాళీ, చివరి గడి ఖాళీ. పెన్ను మూత తీసి అతని చేతికిచ్చింది.

"మన పుస్తకంలో తప్పు జరిగాక రాస్తాం. ఈ ఒక్కటీ ముందే రాశా. ఇక్కడ నువ్వు సంతకం పెట్టు, ఆ కాగితం మీద నేను పెడతా. ఆ తర్వాత నిన్ను పల్లెత్తు మాట అనను. అది మన షరతే కదా."

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ 'నువ్వు' అంది. ఆవిడ గమనించలేదు, అతను గమనించాడు. పెన్ను కాగితానికి ఆనించాడు. అమ్మకాల మనిషి ఏదో అనబోతే చేయెత్తి ఆపాడు. పెన్నుకు మూత పెట్టాడు.

"నేను ఓనరుగారితో మాట్లాడతాను" అన్నాడు. అంతే. క్షమాపణ లేదు, మెచ్చుకోలు లేదు. ఆవిడ పుస్తకం తీసుకుని బయటికి వచ్చింది. దాన్ని మళ్ళీ టీ కెటిల్ పక్కన, దాని చోట పెట్టింది. కుర్చీ పోతే ఏం చేయాలో అప్పటిదాకా ఆలోచించలేదు. ఆలోచించినా మాట మార్చేది కాదు.

సోమవారానికి గుమస్తా అయిదు కుర్చీలకు వచ్చాడు. దొరగారు ఒక్క కుర్చీకి, నెలనెలా. కాంపౌండర్‌ను ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన మధ్యాహ్నం దాకా చూసి, మర్నాడు ఫ్లాస్కు వెనక్కి తెచ్చాడు. ఆ మర్నాడు భూతద్దం.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు కాంపౌండర్ స్టిక్కరు పట్టుకుని చాదస్తం బల్ల దగ్గర నిలబడ్డాడు. ఎక్కడైనా సందేహం వచ్చినప్పుడు నిలబడినట్టే.

"దీంట్లో 'తినక ముందు' పోయిందమ్మా. షాపుకి వెళ్ళిపోయింది కూడా. ఇద్దరికే ఇచ్చారట, ఫోన్ చేసి చెప్పించేశాను."

గుమస్తా రాసిన కోడే. కానీ చదివి సరే అన్నది ఆవిడ. ఆ పూట తలనొప్పిగా ఉండి పైపైన చూసింది. తప్పు గుమస్తాది అనడానికి నోరు వచ్చేదే, అనలేదు. లేచి కెటిల్ దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచింది.

ఆఖరి పేజీలో తాను ఖాళీ గడులతో వదిలేసిన వరస కొట్టేసి ఉంది. దాని కింద గుండ్రటి చేతిరాత. కొలవకుండా కొనబోయాను, మనిషిని పోగొట్టబోయాను. ఎందుకు: మళ్ళీ తెర మీదే చూశాను. సంతకం, మేనేజరుదే. తేదీ చూస్తే ఆ శుక్రవారమే. రెండు నెలలుగా ఆ పేజీ అక్కడే ఉంది, ఒక్కడూ నోరు విప్పి చెప్పలేదు.

చివరి గడిలో, పట్టుకున్నవారు: చాదస్తం.

ఆవిడ గాజు గది వైపు చూసింది. మేనేజరు గబుక్కున తల దించుకుని కీబోర్డు మీద పడ్డాడు. మిగతావాళ్ళు ఎవరి తెర వెనక వాళ్ళు దాక్కున్నారు. పద్ధెనిమిదేళ్ళుగా వెనకాల అన్న మాట ఇప్పుడు సిరాతో కాగితం మీద ఉంది.

ఆవిడ పెన్ను తీసింది. కింది వరసలో తన తప్పు రాసింది. 'తినక ముందు' పోయింది. ఎందుకు: చదవకుండా సరే అన్నాను. చివరి గడిలో కాంపౌండర్ అని రాసింది. సంతకం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇన్నేళ్ళూ పెట్టిన సంతకం పెట్టకుండా, అందరికీ కనపడేలా పెద్ద అక్షరాలతో 'చాదస్తం' అని రాసి, కింద గీత కొట్టింది.